రంగును చూచి పామును పోల్చుకోవచ్చునా?

జగిత్యాల, కోరుట్ల ప్రాంతాలలో మొక్కజొన్నను మక్కలంటారు. కంకులు విరిచి కల్లంలో కుప్ప పోయగానే ఎలుకలు చేరుతవి. ఎలుకల వెంట పాములు వస్తవి. కుప్ప తిరగవేసేటప్పుడు పాము కనబడితే రైతు మొదట చూచేది దాని రంగునే. నల్లగా ఉంటే త్రాచు అని, పసుపు వన్నెగా ఉంటే జెర్రిపోతు అని, తెల్లని కట్లు ఉంటే కట్లపాము అని నిర్ణయం అక్కడికక్కడే జరిగిపోతుంది. ఆ నిర్ణయాన్ని బట్టి చేతిలోని కర్ర లేస్తుంది, లేదా ఆగుతుంది. సిరిసిల్లలో మరమగ్గాల షెడ్డు పక్కన నూలు మూటల సందున పాము దూరినా జరిగేది ఇదే. అంతేకాదు, పాము కరచినప్పుడు ఆసుపత్రికి పోవలెనా, అక్కరలేదా అన్న సంగతిని సైతం చాలా ఇండ్లలో ఈ రంగే తేల్చివేస్తుంది.

ఇంత పెద్ద నిర్ణయాన్ని మోయగల శక్తి రంగుకు ఉన్నదా? ఈ ప్రశ్నకు అన్నిటికన్న తేటగా జవాబు చెప్పింది మన పొలాలలోని పాము కాదు, అమెరికా దేశపు పాము ఒకటి. చిత్రమేమంటే దాని పేరులోనూ మక్కలే ఉన్నవి. ఇంగ్లీషువారు దానిని కార్న్ స్నేక్ అంటారు. మన వాడుకలో మక్క పాము అనుకోవచ్చును.

మక్క పాము

అమెరికా సంయుక్త రాష్ట్రాల ఆగ్నేయ భాగం ఈ పాముకు స్వస్థలం. 1766లో లిన్నేయస్ దీనికి శాస్త్రీయ నామం పెట్టినప్పుడు ‘గుట్టాటస్’ అన్నాడు. చుక్కలు గలది అని అర్థం. నేడు దీని పూర్తి పేరు పాంథెరోఫిస్ గుట్టాటస్. దీనికి విషం లేదు. ఎలుకను చుట్టుకొని బిగించి, చంపి మింగుతుంది. మక్కల గరిసెలలో ఎలుకల కోసం తిరుగుతుంది కనుక ఆ పేరు వచ్చిందని కొందరంటారు. దాని పొట్ట మీద నలుపు తెలుపు గళ్లు రంగురంగుల మక్క గింజలు పేర్చినట్లుంటవి కనుక వచ్చిందని మరికొందరంటారు. రెండూ నమ్మదగినవే.

పెరిగిన పాము మూడు నుంచి అయిదు అడుగుల పొడవుంటుంది. మేను నారింజ వన్నె. వీపు మీద పొడుగునా ఎర్రని పెద్ద మచ్చలు, ప్రతి మచ్చకు నల్లని అంచు. చూడ ముచ్చటగా ఉంటుంది, స్వభావం నెమ్మది, బోనులో ఇచ్చిన ఎలుకపిల్లను తిని సంతోషంగా బతుకుతుంది, గుడ్లు పెడుతుంది. అందుచేత ప్రపంచంలో చాలా దేశాలలో దీనిని పెంపుడు పాముగా పెంచుతున్నారు. మన పాములలో దీనికి చుట్టరికం గలది లేకపోలేదు. ఇంగ్లీషులో ట్రింకెట్ పాము అని పిలిచే గోధుమ వన్నె పాము మన పొలాలలోనూ, పాత ఇండ్లలోనూ కనబడుతుంది. ఒకప్పుడు ఈ రెండిటినీ ఎలాఫి అనే ఒకే ప్రజాతిలో చేర్చేవారు. అయితే మన దేశవాళీ పాములను పట్టి ఇంట్లో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

పెంపుడు మక్క పాములను చూడబోతే మొదట కలిగేది దిగ్భ్రమ. ఒకటి ఎర్రగా కెంపు కళ్లతో ఉంటుంది. ఇంకొకటి బూడిద వన్నెపై నల్లని మచ్చలతో, మూడవది ఇంచుమించు తెల్లగా, నాలుగవది లేత ఊదా వన్నెగా ఉంటవి. కొన్నింటికి మచ్చలకు బదులు తల నుంచి తోక వరకు చారలుంటవి. తెలియనివారు చూస్తే ఇవి పది జాతుల పాములని ప్రమాణం చేస్తారు. అన్నీ ఒకే జాతి. ఒక్కొక్కసారి ఒకే తల్లి పెట్టిన ఒకే ఈడు గుడ్లలోంచి వచ్చిన తోబుట్టువులు.

రంగు వేరు, అల్లిక వేరు

పాము చర్మంలో రంగును పుట్టించే కణాలు మూడు విధాలు. నల్లని మెలనిన్ అనే వర్ణకాన్ని తయారుచేసేవి ఒక రకం. పసుపు, ఎరుపు వర్ణకాలను నింపుకొనేవి రెండవ రకం. మూడవ రకం కణాలలో వర్ణకం ఉండదు. సన్నని స్ఫటికాల పలుకలుంటవి, అవి వెలుతురును తిప్పికొట్టి మెరుపును, తెలుపును కలిగిస్తవి. ఈ కణాలు ఎక్కడ ఎన్ని చేరినవి, ఏ కణం పైన ఏ కణం పరచుకొన్నది అనే దానిని బట్టి మచ్చలు, కట్లు, గళ్లు ఏర్పడుతవి.

సిరిసిల్ల మగ్గం మీద గళ్ల లుంగీ నేయడం చూచినవారికి ఇది సులభంగా బోధపడుతుంది. పడుగులోను పేకలోను ఏ పోగు తరువాత ఏ పోగు రావలెనో ఒక లెక్క ఉంటుంది. ఆ లెక్కే గళ్లను నిర్ణయిస్తుంది. ఒకనాడు నల్ల నూలు దొరకక, దాని స్థానంలో అద్దకం వేయని తెల్ల నూలు ఎక్కించి అదే లెక్కతో నేశారనుకుందాం. గుడ్డ మీద నలుపు ఉండదు, కాని గళ్లు చెదరవు. నల్ల గీత ఉండవలసిన చోట తెల్ల గీత ఉంటుంది. మరొకనాడు రంగులన్నీ ఉండి పోగుల లెక్క మారిందనుకుందాం. అప్పుడు రంగులు అవే, గళ్లకు బదులు చారలు వస్తవి.

మక్క పాములోనూ సరిగా ఇట్లే జరుగుతుంది. నల్ల వర్ణకం తయారు కాని పాము ఎర్రగా ఉంటుంది. మచ్చల అంచులు నలుపు పోయి తెల్లబడుతవి, మచ్చలు మాత్రం యథాస్థానంలోనే ఉంటవి. కంటిలోనూ నలుపు ఉండదు కనుక రక్తనాళాల ఎరుపు పైకి కనబడి కన్ను కెంపులా మెరుస్తుంది. ఎర్ర వర్ణకం కొరవడిన పాము నలుపు బూడిద వన్నెలలో ఉంటుంది, కళ్లు మామూలే. రెండూ కొరవడినది దాదాపు తెల్లని పాము. దానిని పెంపకందారులు మంచు పాము అంటారు. ఇక చారల పాములో వర్ణకాలన్నీ ఉంటవి, వాటి అమరిక మారుతుంది. ఆ రకపు పాములకు పొట్ట మీది గళ్లు కూడా ఉండవు. వెనుకకు తిప్పి పొట్ట చూస్తే చాలు, సందేహం తీరుతుంది.

పొలుసుల ఆకారం, వాటి వరుసల సంఖ్య, తల మీది పెద్ద పలకల అమరిక మాత్రం వీటిలో దేనిలోనూ మారవు. ఈ సంగతిని పాఠకులు కొంచెం గట్టిగా గుర్తుంచుకోవలెను. ముందు పని ఉన్నది.

బెక్టెల్ దంపతుల ప్రయోగం

ఈ రంగులు తల్లిదండ్రుల నుంచి పిల్లలకు ఎట్లు వస్తవి? అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని బెర్నార్డ్ బెక్టెల్ అనే చర్మవైద్యునికి ఈ ప్రశ్న పట్టుకొన్నది. నలుపు లేని మగపాము ఒకటి దొరకగా దానిని మామూలు ఆడపాములతో జతకట్టించి, ఓపికగా సంవత్సరాల తరబడి పిల్లలను లెక్కపెట్టి, భార్య ఎలిజబెత్‌తో కలిసి 1962లో ఫలితాలు ప్రకటించాడు. మెండెల్ బఠాణీ మొక్కలలో చూచినదే ఇక్కడా కనబడింది.

మొదటి తరం పిల్లలన్నీ మామూలు రంగువే. ఒక్కటీ ఎర్ర కళ్లది లేదు. అయితే ఆ పిల్లలు పెరిగి తమలో తాము జతకట్టినప్పుడు వాటి సంతానంలో ఇంచుమించు నాలుగింట ఒకటి నలుపు లేనిదై పుట్టింది. అనగా నలుపు లేకపోవడం అనే లక్షణం అంతర్గతమైనది. దానిని కలిగించే జన్యువు ఒక్కటే వచ్చిన పిల్లలో అది లోపల దాగి ఉంటుంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చి రెండూ కలిసినప్పుడే బయటపడుతుంది.

ఇందులో ఒక మెలిక ఉన్నది. రెండవ తరంలో మామూలుగా కనబడే మూడు పిల్లలలో సగటున రెండు ఆ జన్యువును లోపల దాచుకొని ఉంటవి, ఒకటి దాచుకొని ఉండదు. ఏది ఏదో చూపుకు అందదు. ఎంత పెద్ద అద్దం పెట్టి చూచినా తెలియదు. పాము కొనేవాడు అమ్మేవాని మాట నమ్మవలె, లేదా రెండు మూడేండ్లు పెంచి, ఎర్ర కళ్ల పాముతో జతకట్టించి, పిల్లలను చూచి తేల్చుకోవలె. అందుచేత ఈ వ్యాపారంలో పాము కన్నా దాని వంశవృక్షానికి విలువ ఎక్కువ. పెండ్లి సంబంధాలలో తాత ముత్తాతల ఆరా తీసేవారికి ఇది వింతగా తోచకపోవచ్చును.

రెండు లక్షణాలు కలిసినప్పుడు లెక్క ఇంకా సరదాగా ఉంటుంది. నలుపు లేని జన్యువును, ఎరుపు లేని జన్యువును రెండిటినీ దాచుకొన్న ఆడ మగ పాములు జతకడితే, పదహారు పాళ్లలో తొమ్మిది పాళ్లు మామూలువి, మూడు ఎర్రవి, మూడు బూడిదవి, ఒక పాలు మంచు పాములు రావలెను. అంతమాత్రాన పదహారు గుడ్లు పెడితే ఒక మంచు పాము తప్పక వస్తుందని ఆశపడరాదు. పదహారు గుడ్లలో ఒక్కటి కూడా రాకపోవడం నూటికి ముప్పైఆరు సార్లు జరుగుతుంది. బొమ్మా బొరుసా ఎగరవేసినట్లే ప్రతి గుడ్డుకూ లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. ముందు గుడ్డులో ఏమి వచ్చిందో వెనుక గుడ్డుకు తెలియదు.

బెక్టెల్ లెక్కపెట్టిన ఆ జన్యువు ఏదో తెలియడానికి మరి అర్ధశతాబ్దం పట్టింది. స్విట్జర్లండులోని జెనీవా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో దానిని గుర్తించారు. మనుష్యులలోనూ ఉన్న జన్యువే అది. దాని పేరు ఓ.సి.ఎ.2. దాని మధ్యలోకి ఒక పొడవైన డి.ఎన్.ఎ. ముక్క ఎక్కడినుంచో వచ్చి దూరడం వలన అది పనిచేయడం మానివేసింది. మనుష్యులలో ఇదే జన్యువు చెడితే పుట్టుకతో తెల్లని మేను, తెల్లని జుట్టు గల బిడ్డలు పుడతారు. లేత ఊదా వన్నె పాముల సంగతిని 2020లో ఈ విశ్వవిద్యాలయం వారే తేల్చారు. అది లిస్ట్ అనే మరొక జన్యువు. ఒకే పాము జాతిలో ఒక్కొక్క అక్షరదోషం ఒక్కొక్క కొత్త వన్నెను పుట్టించినదన్న మాట.

పిల్లలతో వచ్చే చిక్కు

పెరిగిన పామును చూచి ఫలానా వన్నెది అని చెప్పడం కొంచెం అభ్యాసం ఉంటే కష్టం కాదు. గుడ్డులోంచి అప్పుడే వచ్చిన పిల్లను చూచి చెప్పడం వేరు విద్య.

గుడ్లు పెట్టిన రెండు నెలలకు పిల్లలు ముక్కు కొనన ఉండే చిన్న పంటితో పెంకును చీల్చుకొని బయటికి వస్తవి. ఒక్కొక్కటి జానెడు కన్న కొంచెం పొడుగు, పెన్సిలు లావు. మామూలు మక్క పాము పిల్లను చూచి అది నారింజ ఎరుపుల పాము అవుతుందని ఎవరూ అనుకోరు. మేను బూడిద గోధుమ వన్నె, మచ్చలు ముదురు గోధుమ. ఎరుపు వచ్చి నిండడానికి ఒకటి రెండేండ్లు పడుతుంది. కనుక మామూలు పిల్లకూ, ఎరుపు లేని పిల్లకూ తేడా మొదట ఎంతో లేదు. అనుభవజ్ఞులు మెడ దగ్గర మచ్చల నడిమి సందులను వెలుతురులో చూస్తారు. అక్కడ రవంత నారింజ ఛాయ ఉంటే మామూలుది, శుద్ధ బూడిదే ఉంటే ఎరుపు లేనిది.

కళ్లను చూచి తేల్చదగినవి సులభమైనవి. ఎర్ర కళ్లుంటే నలుపు లేని రకం. మేను లేత గులాబి తెలుపుగా, మచ్చలు కనబడీ కనబడనట్లుంటే మంచు పాము. కాని బూడిద పాములలో రెండు రకాలున్నవి, అవి రెండు వేరువేరు జన్యువుల వలన వచ్చినవి. పిల్లలుగా ఉన్నప్పుడు వాటిని చూపుతో విడదీయడం సాధ్యం కాదు. పెరిగిన కొద్దీ ఒక దాని గొంతు మీద, మెడ పక్కల పసుపు దిగుతుంది, రెండవ దానికి దిగదు. ఈ పసుపు పుట్టుకతో వచ్చినది కూడా కాదు. తిండి ద్వారా ఒంట్లో చేరే కెరోటిన్ వర్ణకాలు మెల్లమెల్లగా పేరుకొని ఏర్పడుతుంది. క్యారెట్టుకూ, పండు మిరపకూ రంగునిచ్చేవి ఈ కోవకు చెందిన పదార్థాలే. అంటే పాము రంగులో కొంత తల్లిదండ్రులది, కొంత వయస్సుది, కొంత తిండిది.

కుబుసం విషయం కూడా చెప్పవలె. పుట్టిన వారం పది దినాలకు పిల్ల మొదటి కుబుసం విడుస్తుంది. అంతకు ముందు చర్మం మసకగా, కళ్లు పాలనీలంగా ఉంటవి. ఆ స్థితిలో రంగు నిర్ణయించేవారు తరుచు మోసపోతారు. పెద్ద పాములకూ కుబుసం విడిచే ముందు ఇదే అవస్థ. నల్ల పాము బూడిద పాముగా, మెరిసే పాము మట్టి పాముగా కనబడుతుంది.

ఇంత శ్రద్ధగా, తల్లిదండ్రుల చరిత్ర చేతిలో పెట్టుకొని, బోనులో పట్టపగటి వెలుతురులో చూచేవారికే పిల్ల పాము రంగు ఇన్ని తికమకలు పెడుతుంది. చీకటిలో టార్చి వెలుతురున, భయంతో, క్షణకాలం చూచిన పాము విషయం ఇక చెప్పాలా?

మన పొలాలకు వస్తే

ముందుగా జెర్రిపోతు. ఇది లేత పసుపు నుంచి గోధుమ మీదుగా దాదాపు నలుపు వరకు ఎన్ని వన్నెలలోనైనా ఉండవచ్చును. దీని పిల్లలు నీలి బూడిద వన్నెలో, మెడ భాగాన లేత అడ్డపట్టీలతో ఉండి తల్లిని పోలవు. నల్ల జెర్రిపోతును త్రాచు అనుకొని చంపడం మన పల్లెలలో నిత్యకృత్యం. జెర్రిపోతు మగది, త్రాచు ఆడది, రెండూ పెనవేసుకొంటవని ఒక నమ్మకం కూడా ఉన్నది. రెండూ వేరువేరు జాతులు. కుటుంబాలు సైతం వేరు. పెనవేసుకొని లేచి ఆడుతూ కనబడేవి సాధారణంగా రెండు మగ జెర్రిపోతులు. అది సరసం కాదు, బలపరీక్ష. పెద్ద కళ్లు, పెదవి పొలుసుల మధ్య నిలువు నల్ల గీతలు జెర్రిపోతుకు గుర్తులు. ఎలుకల మీద పడి బతికే ఈ పాము ఒక్కొక్కటి చచ్చినకొద్దీ కల్లంలో మక్కల లెక్క తగ్గుతుంది.

త్రాచుకు గోధుమ త్రాచు, నల్ల త్రాచు అంటూ మనవారు పెట్టిన పేర్లు చాలా ఉన్నవి. అవి జాతులు కావు, ఒకే జాతిలోని వన్నెలు. పడగ మీది కళ్లజోడు గుర్తు కూడా అన్నిటికీ స్పష్టంగా ఉండదు. కొన్నింటికి చెదిరి ఉంటుంది, కొన్నింటికి అసలే కనబడదు. అప్పుడప్పుడు తెల్ల నాగు కనబడిందని జనం మూగి పాలు పోస్తారు. అది కూడా మక్క పాములో చూచిన కథే, మెలనిన్ తయారు కాని నాగుపాము. దాని కోరలలో విషం మాత్రం నల్ల త్రాచుకు తీసిపోదు. ఇక గుడ్డు చీల్చుకొని వచ్చిన నాగుపిల్ల ఆ దినమే పడగ విప్పగలదు, కాటు వేయగలదు. పిల్ల పాముకు విషం ఉండదన్న మాట ఒట్టిది.

అన్నిటికన్న ప్రమాదకరమైన పొరపాటు కట్లపాము దగ్గర జరుగుతుంది. కట్లపాము నీలి నలుపు వన్నెలో, సన్నని తెల్ల కట్లతో ఉంటుందని అందరికీ తెలుసు. ఇళ్లలో బల్లుల కోసం గోడల సందులలో తిరిగే విషం లేని చిన్న పాము మరొకటి ఉన్నది. ముందు పళ్లు పొడుగుగా ఉండడం వలన శాస్త్రజ్ఞులు దానికి తోడేలు పాము అని పేరు పెట్టారు. దానికీ కట్లుంటవి. పెద్ద కట్లపాము మూడడుగులు, తోడేలు పాము అడుగున్నర రెండడుగులు. కనుక పొడుగును బట్టి తెలిసిపోతుందనుకొంటారు. కాని అడుగు పొడుగున్న కట్లపాము పిల్ల సంగతి ఏమి? అది సరిగా తోడేలు పాము కొలతలలోనే ఉంటుంది. విషం గలది.

తేడాలు ఉన్నవి. కట్లపాముకు కట్లు మెడ దగ్గర ఉండవు, లేదా చుక్కలుగా అస్పష్టంగా ఉంటవి. తోక వైపు పోయిన కొద్దీ తేటపడుతవి, తరుచు జంటలుగా ఉంటవి. తోడేలు పాముకు తలక్రిందు: కట్లు మెడ దగ్గర వెడల్పుగా స్పష్టంగా మొదలై తోక వైపు మాసిపోతవి, మేను గోధుమ వన్నె. కాని ఈ తేడాలన్నీ రంగుకు సంబంధించినవే, మక్క పాము పాఠం ఇక్కడే పనికి వస్తుంది. పిల్ల కట్లపాముకు ముందు భాగాన కూడా తెల్ల గుర్తులు ఉండవచ్చును. ముదిరిన కట్లపాముకు కట్లు మాసి మొత్తం నల్లగా కనబడవచ్చును. కట్లు లేని తోడేలు పాములూ ఉన్నవి. రంగు కదిలిపోయే గుర్తు.

కదలని గుర్తు పొలుసులలో ఉన్నది. కట్లపాము వెన్ను మధ్యన తల నుంచి తోక వరకు ఒక వరుస పొలుసులు మిగిలినవాటి కన్న పెద్దవిగా, ఆరు పలకలుగా, తేనెపట్టు గదుల వలె ఉంటవి. తోడేలు పాముకు అవి ఉండవు. తోక అడుగున కట్లపాముకు పొలుసులు ఒకే పలకగా, తోడేలు పాముకు రెండేసిగా చీలి ఉంటవి. కట్లు మాసినా, కుబుసం ముందు మసకబారినా, పుట్టుకతో తెల్లనిదైనా ఈ వరుస మారదు. మగ్గం మీద నూలు రంగు మారవచ్చును గాని, అచ్చుపళ్ల లెక్క మారనట్లు.

అట్లని పొలుసులు లెక్కపెట్టడానికి పాము దగ్గరకు పోవడం వెర్రి. పొలుసుల పరీక్ష చదువుకొన్నవారికి, దూరం నుంచి ఫోనులో తీసిన బొమ్మను తరువాత పెద్దది చేసి చూడడానికి మాత్రమే పనికి వస్తుంది.

కాటు పడినప్పుడు

2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటు వలన సుమారు పన్నెండు లక్షల మంది చనిపోయారని, అంటే ఏడాదికి సగటున 58,000 మంది అని 2020లో ప్రకటించిన ఒక అధ్యయనం అంచనా వేసింది. మరణాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాలలో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి, తెలంగాణ అందులోనిదే. ఈ మరణాలను 2030 నాటికి సగానికి తగ్గించే సంకల్పంతో కేంద్ర ప్రభుత్వం 2024లో ఒక జాతీయ కార్యాచరణ ప్రణాళికను ప్రకటించింది.

ఈ మరణాలలో కట్లపాము భాగం ప్రత్యేకమైనది. అది రాత్రి తిరిగే పాము. నేల మీద చాప పరచుకొని పడుకొన్నవారిని నిద్రలో కరుస్తుంది. కాటు చాలాసార్లు నొప్పి పెట్టదు, వాపు రాదు, గుర్తు కూడా సరిగా కనబడదు. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతి, తరువాత కనురెప్పలు వాలిపోవడం, మాట ముద్దకట్టడం మొదలవుతవి. ఆపైన ఊపిరి కండరాలు పనిచేయవు. పాము కనబడినా, ‘చిన్న పాము, ఇంట్లో తిరిగే కట్ల పురుగు, ఏమీ కాదు’ అని రంగును చూచి తేల్చి, వేపాకు నమిలించి చేదు తెలుస్తున్నదా లేదా అని అడుగుతూ కూర్చున్న రెండు గంటలే ప్రాణానికి ముప్పు తెస్తవి. పొద్దుపోయి షిఫ్టు దిగి వచ్చి షెడ్డులోనే ఒరిగేవారు, కల్లంలో కాపలా పడుకొనేవారు నేలను వదలి మంచం మీద, దోమతెర అంచులు పరుపు కిందికి దోపి పడుకొంటే ఈ ప్రమాదం చాలావరకు తప్పుతుంది.

మేలైన సంగతి ఏమంటే, చికిత్సకు పాము పేరు తెలియవలసిన అవసరం లేదు. మన ఆసుపత్రులలో ఇచ్చే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి, ఈ నాలుగింటి విషానికీ కలిపి తయారుచేసినది. వైద్యుడు చూచేది రోగిని: రెప్పలు వాలుతున్నవా, ఊపిరి ఎట్లున్నది, కాటు చోట వాపు పెరుగుతున్నదా. పింజరి విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు కనుక రోగి రక్తాన్ని శుభ్రమైన గాజు గొట్టంలో ఇరువది నిమిషాలు కదపకుండా ఉంచి, వంచి చూస్తాడు. గడ్డకట్టక పారితే పింజరి కాటు అని తేలుతుంది. నల్లదా, పసుపుదా అన్న ప్రశ్న అక్కడ రాదు. కాటు పడినవారిని నడిపించకుండా, కరచిన కాలో చేయో కదలకుండా కర్రబద్ద కట్టి, తాడుతో బిగించక, గాటు పెట్టక, దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చడమే చేయవలసిన పని.

పామును చంపి సంచిలో వేసుకొని వెంట తేవడం వలన ఆలస్యం, మరొకరికి కాటు తప్ప లాభం లేదు. తెగిన పాము తల కొంతసేపటి వరకు, తాకినదానిని కరవగలదు.